పెన్‌ఫోల్డ్స్ బిన్ 389, 1998 పంట: పాతికేళ్లలో రుచి మారిన తీరు

అడిలైడ్‌వాసి:

సభ్యులందరికీ నమస్కారం. నేను అడిలైడ్‌కు వచ్చిన కొత్తలో ఆస్ట్రేలియా వైన్ సంస్థ పెన్‌ఫోల్డ్స్ వారి బిన్ 389 రెడ్ వైన్, 1998 పంటది, ఒక పెట్టె కొని ఇంటి అడుగున ఉన్న చల్లని గదిలో పడుకోబెట్టి ఉంచాను. కొన్నేళ్లకొక సీసా తెరిచి, తాగిన రాత్రే నాలుగు మాటలు రాసి పెట్టుకుంటూ వచ్చాను. 2024లో తెరిచిన సీసా తర్వాత పాత గమనికలన్నీ ఒకచోట పెట్టి చదివితే, ఈ వైన్ గురించి చెప్పదగిన సంగతి ఒకటి ఉందనిపించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివారి కోసం ముందు కొంత నేపథ్యం. బిన్ 389ని కాబర్నే సావిన్యోన్, షిరాజ్ అనే రెండు ద్రాక్షలు కలిపి చేస్తారు. పాళ్లు ఏటా మారుతాయి గాని సాధారణంగా కాబర్నేదే కాస్త పైచేయి. పండ్లు ఒకే తోటవి కావు. దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా, మెక్‌లారెన్ వేల్, కూనవారా వంటి పలు ప్రాంతాల నుంచి ఏరి తెస్తారు. 1960 పంటతో దీన్ని మొదలుపెట్టినవారు మాక్స్ షూబర్ట్. ప్రసిద్ధమైన గ్రేంజ్ వైన్‌ను సృష్టించినవారూ ఆయనే. గ్రేంజ్‌ను నిలవ ఉంచి ఖాళీ చేసిన అమెరికన్ ఓక్ పీపాలలో ఈ వైన్‌లో కొంత భాగాన్ని నిలవ ఉంచుతారు కాబట్టి ఇక్కడివారు దీన్ని ‘బేబీ గ్రేంజ్’ అని పిలుచుకుంటారు.

2002లో తెరిచినప్పుడు గ్లాసులో ఊదారంగు ఎంత చిక్కగా ఉందంటే, వెనక పెట్టిన వేలు కనిపించలేదు. ముందుగా తగిలింది కొబ్బరి, వెనిలా కలిసిన పీపా వాసన. ఆ వెనక బాగా మాగిన నేరేడు పండు, నల్ల మిరియాలు. వగరు ఉంది గాని పండు కండలో దాగి ఉంది. 2007లో అదే వైన్ ముడుచుకుపోయింది. వాసన దాదాపు రాలేదు, పండు వెనక్కి తగ్గింది, చిగుళ్ల మీద వగరు మాత్రం గట్టిగా పట్టుకుంది. ఈ పెట్టె దండగ అని ఇంటికి వచ్చిన మిత్రులు అన్నారు. 2012కి మళ్లీ విచ్చుకుంది: దేవదారు చెక్క, చుట్ట పొగాకు, అంచున ఇటుక రంగు. 2018లో మాత్రం ఏది కాబర్నే, ఏది షిరాజ్ అని విడదీసి చెప్పడం నా వల్ల కాలేదు. ఎండు అంజీర, తోలు, ఇంకా కాస్త మిగిలిన నేరేడు, వెల్వెట్‌లా జారే వగరు, అన్నీ ఒకేసారి వచ్చాయి. 2024లో మొదటి అరగంట అద్భుతంగా ఉండి, ఆ తర్వాత పండు మెల్లగా జారిపోయి పుట్టగొడుగుల వాసన, సన్నని పులుపు మిగిలాయి.

నా అభిప్రాయం ఇది: మిశ్రమానికి వయసు రావడమంటే రెండు ద్రాక్షలకు రెండు వేగాలతో వయసు రావడం. మొదట షిరాజ్ ముందు నడుస్తుంది, నడుమ కాబర్నే బయటపడి అడ్డంగా నిలబడుతుంది, చివరకు రెండూ కలిసిపోతాయి. ఆ మూడో దశ కోసమే సీసాను దాచాలి. మీ అనుభవాలు తెలుసుకోవాలని ఉంది.

కృష్ణాతీరం:

చాలా శ్రద్ధగా రాశారు, ధన్యవాదాలు. ఒక సందేహం. 2007లో ముడుచుకుపోయిందన్నది వైన్ స్వభావమా, లేక ఆ ఒక్క సీసా లోపమా? బిరడా చెడితే వచ్చే తడి అట్టపెట్టె వాసన గురించి చదివాను. ఆ లోపం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు చెడు వాసన తెలియకపోయినా, పండు వాసన మాత్రం అణగిపోతుందని అంటారు కదా?

అడిలైడ్‌వాసి:

మంచి ప్రశ్న, కృష్ణాతీరం గారూ. నాకూ అదే అనుమానం వచ్చి మరుసటి వారమే ఇంకో సీసా తెరిచాను. అదీ అలాగే ఉంది. రెండు సీసాల బిరడాలూ ఒకే తీరున చెడే అవకాశం తక్కువ కాబట్టి అది వైన్ దశే అని నమ్ముతున్నాను. పైగా మొదటి సీసాలో మిగిలినదాన్ని మరునాడు చూస్తే పండు కొంత బయటికి వచ్చింది. బిరడా లోపమైతే గాలి తగిలేకొద్దీ ఆ చెడు వాసన మరింత తెలుస్తుందే గాని తగ్గదు.

రసాయనపాఠం:

అడిలైడ్‌వాసి గారి గమనికలు నాకు ఎంతో నచ్చాయి, కానీ వివరణతో పూర్తిగా ఏకీభవించలేను. పులియబెట్టి కలిపిన తర్వాత సీసాలో ఉన్నది ఒకే ద్రావణం. అందులో వగరునిచ్చే టానిన్‌కు తాను కాబర్నే నుంచి వచ్చానో షిరాజ్ నుంచి వచ్చానో తెలియదు.

జరిగేది ఇదీ. కొత్త వైన్‌లో ఊదారంగునిచ్చే ఆంథోసయనిన్లు విడిగా ఉంటాయి. తొలి కొన్నేళ్లలోనే అవి టానిన్లతో కలిసి స్థిరమైన పెద్ద అణువులవుతాయి. రంగు ఊదా నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి ఇటుక రంగుకు మారేది అందుకే. అదే కాలంలో, కొత్త వైన్‌కు తాజా పండు వాసననిచ్చే ఎస్టర్లు నీటితో చర్య జరిపి క్రమంగా తరిగిపోతాయి. ఎస్టర్లు త్వరగా తగ్గి, వగరు నెమ్మదిగా తగ్గుతుంది గనుక నడుమ ఒక కాలంలో వగరు ఒక్కటే మిగిలినట్టు అనిపిస్తుంది. మీరు కాబర్నే బయటపడిందని అంటున్నది నిజానికి పండు తగ్గి, మొత్తం వైన్ తాలూకు అస్థిపంజరం కనిపించడమే. ఇక టానిన్లు పెద్దవై అడుగున మడ్డిగా చేరడం వల్లనే వగరు తగ్గుతుందన్నది పాత వివరణ. ఆమ్లం వల్ల అవి తెగిపోవడం, రంగు పదార్థాలతో ముడిపడడం కూడా అందులో ఉన్నాయన్నది ఇప్పటి అవగాహన.

మిరియాల వాసన సంగతి ఇంకా ఆసక్తికరం. దానికి కారణమైన రొటండోన్ అనే పదార్థాన్ని షిరాజ్‌లో గుర్తించి ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. మన నల్ల మిరియాలలో ఉండేదీ అదే. అది సీసాలో తేలికగా నశించదు. అంటే షిరాజ్ గుర్తు 2024 సీసాలోనూ ఉండి ఉండాలి. ఆ పరిశోధనలో వాసన చూసినవారిలో దాదాపు ఐదో వంతు మందికి పరీక్షించిన అత్యధిక మోతాదులోనూ ఆ పదార్థాన్ని పసిగట్టడం సాధ్యం కాలేదు. ఒకే బల్ల చుట్టూ కూర్చున్న ఐదుగురిలో ఒకరికి మీ మిరియాలు అసలు లేనట్టే లెక్క.

అడిలైడ్‌వాసి:

రసాయనపాఠం గారూ, మీరు చెప్పిన రసాయన శాస్త్రాన్ని కాదనను. 2024 గమనికల్లో మిరియాల మాట నిజంగానే ఉంది, సన్నగా, చివర్లో. కానీ అణువు పుట్టుక ఏదైనా, నోటికి అందేది మాత్రం రెండు ద్రాక్షల రెండు స్వభావాలే. షిరాజ్ ఒక్కదానితో చేసిన కాలిమ్నా బిన్ 28ని అదే ఏళ్లలో పక్కన పెట్టుకుని తాగాను. అందులో నడిమి కాలంలో ఈ ముడుచుకుపోవడం ఇంత గట్టిగా లేదు. పండు తగ్గింది గాని, చిగుళ్లు పట్టేసే వగరు రాలేదు. ఎస్టర్లు రెండింటిలోనూ తగ్గాయి కదా? తేడా తెచ్చింది కాబర్నే తోలులోని టానిన్ అనే నా నమ్మకం.

రసాయనపాఠం:

ఆ పోలికకు బలముంది. పండ్లు వచ్చిన తోటలూ పీపాలూ వేరు కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోలేను గాని, కాబర్నే కాయ చిన్నది, తోలు మందం, గింజల పాలు ఎక్కువ అన్నది మాత్రం నిజం. ఏకరకం సీసాను పక్కన పెట్టుకుని తాగడం ఈ విషయంలో ఎవరైనా చేయదగిన అత్యుత్తమ పరీక్ష అని ఒప్పుకుంటున్నాను.

బోర్దోబాట:

నేను చాలాకాలంగా ఫ్రాన్స్‌లో ఉంటున్నాను, కాబట్టి ఇటువైపు సంగతి చెబుతాను. బోర్దోలో మిశ్రమం పుట్టింది రుచి కోసం ఎంతో, వాతావరణానికి భయపడి అంతే. మెర్లో అనే ద్రాక్ష ముందు పండుతుంది, కాబర్నే సావిన్యోన్ ఆలస్యంగా పండుతుంది. వాన ఎప్పుడు పడినా ఏదో ఒకటి దక్కుతుంది. 1998 అందుకు చక్కని ఉదాహరణ. ఆ ఏడు మెర్లో ఎక్కువగా ఉండే సెంట్ ఎమిలియన్, పొమెరోల్ గ్రామాల్లో వానలకు ముందే పండు కోసుకున్నారు, వైన్లు గొప్పగా వచ్చాయి. నదికి ఎడమ గట్టున కాబర్నే మీద ఆధారపడ్డ తోటలు కోత చివరి రోజుల్లో తడిశాయి. అక్కడి వైన్లలో కరుకుదనం చాలా ఏళ్లు పోలేదు.

అడిలైడ్‌వాసి గారి ఊళ్లో అదే 1998ని గొప్ప ఏడుగా చెప్పుకుంటారు. పైగా దక్షిణార్ధగోళంలో కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరులో. సీసా మీద ఒకే సంవత్సరం ఉన్నా ఆస్ట్రేలియా వైన్ ఆరు నెలలు పెద్దది. ఇరవై ఏళ్ల సీసాకు అది పట్టించుకోవలసినంత తేడా కాదు గాని, మొదటి రెండు మూడేళ్లలో పక్కపక్కన పెట్టి పోల్చేవారు గుర్తుంచుకోవాలి.

ఇంకొక మాట. కాబర్నేకు షిరాజ్‌ను కలపడం ఆస్ట్రేలియావారి సొంత ఆలోచన అనుకుంటారు చాలామంది. 19వ శతాబ్దంలో బోర్దో వర్తకులు ఇంగ్లండుకు పంపే వైన్లకు బలం కోసం రోన్ లోయలోని ఎర్మిటాజ్ నుంచి సిరా వైన్ తెచ్చి కలిపేవారు. షిరాజ్, సిరా ఒకే ద్రాక్ష. తర్వాత నియమాలు వచ్చి అది ఆగిపోయింది. నేడు ప్రోవాన్స్‌లో దొమెన్ ద త్రెవాల్లోన్ వారు కాబర్నే, సిరాలను కలిపి చాలాకాలం నిలిచే వైన్ చేస్తున్నారు. దాన్ని నేను కొన్నేళ్ల తేడాతో తాగి చూశాను. నడుమ అదే ముడుచుకుపోవడం, చివర అదే కలయిక. అందుకని ఈ చర్చలో నేను అడిలైడ్‌వాసి గారి పక్షం.

నందికొండ అంచున:

మాది చిక్కబళ్లాపురం వైపు, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నంది కొండల కింద గ్రోవర్ వారి తోటలు మాకు దగ్గరే. వారి లా రిజర్వ్ కూడా కాబర్నే, షిరాజ్ మిశ్రమమే. ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ రోలాన్ సలహాతో రూపుదిద్దుకున్న వైన్ అది. ఇక్కడ తోటలు సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉంటాయి గనుక రాత్రుళ్లు చల్లబడతాయి, కానీ తీగకు శీతాకాలపు నిద్ర ఉండదు. అందుకే ఏడాదిలో రెండుసార్లు కత్తిరింపు చేసి, ఒకే పంట తీసుకుంటారు.

పెద్దల సీసాల మధ్య దీన్ని తెస్తున్నానని కాదు, ఒకే మిశ్రమం వేరే నేల మీద ఎలా ముదురుతుందో తెలుసుకోవడానికి చెబుతున్నాను. నేను చూసినంతవరకు లా రిజర్వ్ ఐదారేళ్లకు ఎంతో ముచ్చటగా ఉంటుంది. కొత్తలో ఉన్న పీపా వాసన, పచ్చి క్యాప్సికం వంటి ఘాటు అణిగి, ఎండు ఖర్జూరం, లవంగం వస్తాయి. ముడుచుకుపోయే దశ నాకు కనిపించలేదు. ఎనిమిదేళ్లు దాటిన సీసాలో పండు పోయి పులుపు మిగిలింది. దాచడం అన్నది పెద్ద వైన్లకు మాత్రమే అనుకోకుండా, మన దగ్గర దొరికే సీసాలు రెండు కొని ఒకటి ఇప్పుడు, ఒకటి నాలుగేళ్ల తర్వాత తెరిస్తే ఎవరికైనా ఈ మార్పు తెలుస్తుంది.

కృష్ణాతీరం:

నందికొండ గారి సలహా నాకు ధైర్యమిచ్చింది. ఇప్పుడు నా అసలు సమస్య చెబుతాను. నేను హైదరాబాదులో ఉంటాను. మేలో బయట 42 డిగ్రీలు, అపార్ట్‌మెంట్ లోపల పగలు 34 దాకా పోతుంది. కిందటేడు ఇక్కడే ఒక దుకాణంలో పదేళ్ల నాటి ఆస్ట్రేలియా వైన్ కొన్నాను. రేకు తొడుగు విప్పి చూస్తే బిరడా సీసా మూతి కన్నా కాస్త పైకి లేచి ఉంది, పక్కన ఎండిన జిగురు చార ఉంది. రుచి ఉడికించిన ప్రూన్ పండ్ల నీళ్లలా, అంతా ఒకే తీరున, చప్పగా ఉంది. ఈ ఊళ్లో పదేళ్లు దాచాలనుకోవడం సాధ్యమేనా?

ధర విషయంలో మాత్రం కొంచెం ఊరట ఉంది. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన భారత్, ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం ప్రకారం, దిగుమతి ధర సీసాకు 15 అమెరికన్ డాలర్లు దాటిన వైన్లపై కస్టమ్స్ సుంకం 150 శాతం నుంచి 75 శాతానికి తగ్గింది. పదేళ్లలో 25 శాతానికి రావాలి. రాష్ట్ర పన్నులు ఎలాగూ ఉంటాయి. విదేశాల నుంచి వచ్చేవారు సుంకం లేకుండా రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు, అంటే మామూలు సీసాలు రెండు. మా తమ్ముడు మెల్‌బోర్న్ నుంచి వచ్చినప్పుడల్లా అలాగే తెస్తాడు.

రసాయనపాఠం:

మీరు వర్ణించింది అచ్చంగా వేడికి చెడిన సీసా. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను తోస్తుంది, చల్లబడినప్పుడు లోపలికి గాలి పీల్చుకుంటుంది. వేడి అన్ని చర్యలనూ ఒకే నిష్పత్తిలో వేగం చేస్తే, పదేళ్ల పని మూడేళ్లలో అయిపోతుందని సరిపెట్టుకోవచ్చు. కానీ అలా జరగదు. పండు వాసనను చంపే చర్యలు, గోధుమ రంగు తెచ్చే చర్యలు మిగతావాటికన్నా ఎక్కువ వేగం పుంజుకుంటాయి. అందువల్ల వేడిలో పెరిగిన వయసు చల్లదనంలో పెరిగిన వయసుకు ప్రత్యామ్నాయం కాదు.

12 నుంచి 14 డిగ్రీల మధ్య స్థిరంగా ఉంచే వైన్ ఫ్రిజ్ ఒక్కటే హైదరాబాదులో మార్గం. వంటింటి ఫ్రిజ్‌లో ఏళ్ల తరబడి పెట్టవద్దు. అక్కడి పొడి గాలికి బిరడా ఎండిపోతుంది. కరెంటు ఒక పూట పోతే కంగారు పడనక్కరలేదు, తలుపు తీయకుండా ఉంటే లోపలి సీసాలే చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి. రోజూ పది డిగ్రీలు పెరిగి తగ్గడమే అసలు ప్రమాదం.

అడిలైడ్‌వాసి:

దీనికి నా అనుభవం కూడా కలుపుతాను. 2008 మార్చిలో అడిలైడ్‌లో వరుసగా 15 రోజులు 35 డిగ్రీలకు తగ్గకుండా ఎండ కాచింది. మా ఇంటి అడుగు గదికి మందపాటి రాతి గోడలు ఉన్నా, ఆ రెండు వారాల్లో లోపల 21 డిగ్రీల దాకా ఎక్కింది. ఎక్కడం నెమ్మదిగా, దిగడమూ నెమ్మదిగా జరిగింది కాబట్టి బిరడాలు కదల్లేదు. 2012 సీసా నిక్షేపంగా ఉండడమే అందుకు సాక్ష్యం. స్థిరత్వం గురించి రసాయనపాఠం గారు చెప్పినదానికి నేను చూసిన బలమైన ఆధారం ఇదే.

వంటిల్లు:

నా ప్రశ్న భోజనం గురించి. ఇంత ఓపికగా దాచిన వైన్‌ను మన వంటలతో తాగవచ్చా, లేక ఉత్తగా తాగడమే మేలా? నేను చూసినంతలో కొత్త సీసా గోంగూర మాంసంతో అసలు కుదరదు. గోంగూర పులుపు వైన్‌ను చప్పన చేస్తుంది, మిరపకారం 14 శాతం పైచిలుకు ఆల్కహాల్‌తో కలిసి నోరు మండిస్తుంది. కారం తగ్గించి, మిరియాలు ఎక్కువ వేసి, నెయ్యిలో నిదానంగా వేయించిన మటన్ వేపుడు మాత్రం ఐదేళ్ల సీసాతో చక్కగా కుదిరింది. కొవ్వు, మాంసకృత్తులు వగరును పట్టుకుంటాయి, మిరియాలు మిరియాలను పిలుస్తాయి.

అడిలైడ్‌వాసి:

వంటిల్లు గారూ, మీరు చెప్పిన వేపుడు పదిహేనేళ్ల లోపు సీసాకు నేనూ పెడతాను. ఇరవై దాటిన సీసాకు ఆ మిరియాలు కూడా ఎక్కువే. దానిలో వగరు తగ్గిపోయింది కాబట్టి కొవ్వుతో పని లేదు, మసాలా వేస్తే సన్నని వాసనలన్నీ మునిగిపోతాయి. 2018లో ఉప్పు, వెల్లుల్లి మాత్రమే వేసి కాల్చిన గొర్రె మాంసం, వెన్నలో వేయించిన పుట్టగొడుగులు పెట్టాను. ఆ రాత్రి భోజనం ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు.

పాత సీసాను తెరిచే తీరు గురించి కూడా అడుగుతుంటారు గనుక చెబుతాను. రెండు రోజుల ముందు సీసాను నిలబెట్టండి, పక్కన పేరుకున్న మడ్డి అడుగుకు జారుతుంది. మామూలు మరతో పాత బిరడా విరిగే ప్రమాదం ఉంది కాబట్టి రెండు పలుచని రేకులను బిరడాకు అటూ ఇటూ దూర్చి, తిప్పుతూ లాగే సాధనం వాడండి. 2024 సీసాలో వైన్ మరక బిరడాలో మూడు వంతులు పైకి పాకి ఉంది, పై అంచు మాత్రం పొడిగా నిలిచింది. అడుగు ముఖాన ముదురు ఊదారంగు స్ఫటికాలు పంచదార పలుకుల్లా మెరిశాయి; అవి టార్టారిక్ ఆమ్లపు లవణాలు, హాని లేనివి. సీసా మెడ వెనక దీపం పెట్టుకుని ఒకే వంపుగా జాడీలోకి పోస్తూ, మెడలో మొదటి నల్లని పోగు కనిపించగానే ఆపేయాలి. పదేళ్ల సీసాను రెండు గంటల ముందు వంచవచ్చు. పాతికేళ్లదాన్ని గ్లాసుల్లో పోసే ముందే వంచాలి, ఎందుకంటే అరగంటలోనే పండు వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను.

బోర్దోబాట:

మిగిలిన సీసాలను ఏం చేయబోతున్నారు? పెన్‌ఫోల్డ్స్ వారు 1991 నుంచి నడుపుతున్న బిరడా మార్పిడి శిబిరాలకు పదిహేనేళ్లు దాటిన తమ రెడ్ వైన్లను తీసుకెళ్లవచ్చు కదా? సీసా తెరిచి, కొంచెం రుచి చూసి, బాగుంటే అదే వైన్ కొత్తదానితో కొసరు నింపి కొత్త బిరడా బిగించి, యోగ్యతాపత్రం అతికించి ఇస్తారు.

అడిలైడ్‌వాసి:

ఆ ఆలోచన వచ్చింది గాని వద్దనుకున్నాను. వైన్ మట్టం భుజం కిందికి జారిన సీసాలకు, వందల డాలర్ల గ్రేంజ్‌లకు అది అవసరం. నా సీసాల్లో మట్టం ఇంకా మెడ అడుగునే ఉంది, మరక మాత్రమే పాకింది. బిరడా మార్చినా పండును వెనక్కి తేలేం. అందుచేత ఉన్నవాటిని వచ్చే రెండు మూడేళ్లలో తాగేయాలని నిశ్చయించాను. 2018 నాటి కలయిక ఇక పెరగదు, ఇప్పుడు తరుగుతున్నది అదే.

ఇప్పుడు కొత్తగా కొని దాచాలనుకునేవారికి నేను చెప్పేది: 1998 లాంటి గొప్ప ఏడాది బిన్ 389 అయితే ఐదో ఏడు లోపు ఒకటి, పన్నెండు దాటాక ఒకటి, పద్దెనిమిదికీ ఇరవైకీ మధ్య మిగిలినవన్నీ తెరవండి. ఆరు నుంచి పదో ఏడు దాకా ముట్టుకోకండి. కృష్ణాతీరం గారూ, మీ తమ్ముడు ఈసారి తెచ్చే రెండు సీసాలూ ఒకే ఏడాదివి అయ్యేలా చూడమనండి.

కృష్ణాతీరం:

చెప్పాను. అతను డిసెంబరులో వస్తున్నాడు. వైన్ ఫ్రిజ్ కూడా ఈ వారమే చూస్తున్నాను. మొదటి సీసా తెరిచిన రాత్రే ఇక్కడ రాస్తాను, రెండోది మీరు చెప్పినట్టు పన్నెండు దాటాక.